టిక్ మన్న తర్వాత



రేడియోలో చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఒక చప్పుడుతో మొదలుపెడతాను. టిక్. అంతే. గోరు విరిగినంత చప్పుడు. కానీ పేచ్‌కస్ పట్టుకుని మర తిప్పుతున్నవాడికి అది వినబడితే గుండె జారిపోతుంది. అప్పటిదాకా మొరాయించిన పేచ్‌కస్ ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. మర తల ఊడి చేతిలోకి వస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది.

పుస్తకాల్లో మర అంటాం, అంగట్లో స్క్రూ అంటాం, మా వికారాబాద్ మెకానిక్కుల దగ్గర పేచ్ అంటారు. ఈ పదిహేను నిమిషాలూ లోపల ఉండిపోయిన ఆ మొండెం గురించే మాట్లాడతాను. నేను రేడియోతో నడిపే చిన్న విమానాలు కడతాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా కర్ర కోసి రెక్కలు అతికించడం నేర్పారు. ఆ పిచ్చి అప్పుడు పట్టింది, ఇప్పటికీ వదల్లేదు. మీటరున్నర రెక్కలు, ప్లైవుడ్ ముక్కు, పైన పల్చటి ప్లాస్టిక్ పొర. చేతిలో ఒక ట్రాన్స్‌మిటర్, విమానంలో ఒక రిసీవర్. ఊరి బయట కంది కోసిన చేనే మా విమానాశ్రయం.

మా జిల్లా వాళ్లకు ఆకాశంలో వింతలు కొత్త కాదు. 2021 సెప్టెంబరు 11న మందులనూ టీకాలనూ డ్రోన్ల మీద పంపే ప్రయోగం దేశంలోకెల్లా ముందు మా వికారాబాద్‌లోనే మొదలైంది. మరుసటి సంవత్సరం డిసెంబరులో మొగిలిగుండ్ల పొలాల్లో గుండ్రటి గది లాంటిదేదో దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. తీరా చూస్తే అది హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన స్పెయిన్ కంపెనీ వాళ్ల ప్రయోగం. అందుకే నేను చేనులోకి విమానం తీసుకుపోతే పిల్లలు రెండే ప్రశ్నలు వేస్తారు. ఇందులో మందులున్నాయా, ఇందులో మనిషి పడతాడా. రెండూ లేవంటే వాళ్ల ఆసక్తి సగం చచ్చిపోతుంది.

సరే, అసలు సంగతి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో ఒక గురువారం పాత సామాను కుప్పలో నాకొక ఇంజన్ దొరికింది. ఆరున్నర సీసీ గ్లో ఇంజన్. ఇప్పుడు అందరూ బ్యాటరీ మోటర్లు పెడుతున్నారు గానీ ఒకప్పుడు మోడల్ విమానాలకు ఇవే గుండెకాయలు. దీని ఇంధనం మిథనాల్, అందులో సుమారు ఐదో వంతు ఆముదం కలుపుతారు. అవును, మన ఆముదమే. బాగా వేడెక్కినా లోహానికి అంటుకుని ఉంటుంది కాబట్టి పాత ఇంజన్లకు దాన్ని మించిన నూనె లేదు. కానీ దానికో దుర్గుణముంది. వాడకుండా ఏళ్లకేళ్లు పడేస్తే లక్కలాగా గట్టిపడుతుంది. మరల సందుల్లో దూరి ఇనుమునూ అల్యూమినియాన్నీ ఒకటి చేసి కూర్చుంటుంది.

ఇంజన్ వెనక మూతకు నాలుగు మరలు, మూడు మిల్లీమీటర్లవి. మూడు ఊడాయి. నాలుగోది టిక్ మంది.

తప్పు నాదే. నాలుగోది మొరాయించినప్పుడే ఆగాల్సింది. ఆగకుండా పానాకు ఇంకో పానా తగిలించి బలం పెంచాను. ఇక్కడ మన చేతికి అంచనా అందని లెక్క ఒకటుంది. మర వ్యాసం సగమైతే మెలిని తట్టుకునే శక్తి కూడా సగమవుతుందని అనుకుంటాం. అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆరు మిల్లీమీటర్ల బోల్టు మీద మీ మణికట్టు పెట్టే బలానికి అది చలించదు. అదే బలం మూడు మిల్లీమీటర్ల మర మీద పెడితే మెడ విరుగుతుంది. పైగా విరిగేది చాలాసార్లు తల కిందే.

అసలు ఆ ఇంజన్‌ను ముందు వేడి చేసి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజన్ డబ్బా వేడెక్కితే రంధ్రం సాగుతుంది, లోపలి మర అంతగా లావెక్కదు, గట్టిపడ్డ ఆముదం కూడా మెత్తబడుతుంది. హెయిర్ డ్రైయర్ చాలు. బ్యాటరీ మోటరుకు మాత్రం ఈ పని చేయకండి. అందులోని మామూలు నియోడైమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. అక్కడ మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు రాసి ఉంటుంది, లేకపోతే మోటరు అదురుకు అవి వాటంతటవే ఊడి రాలిపోతాయి. దాన్ని వదిలించాలంటే సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద కాసేపు ఆనించి, వేడి అక్కడే ఉండగా తిప్పాలి.

ఇంత తెలిసినవాణ్ని విరగ్గొట్టాక బుద్ధిగా ఉన్నానా? లేదు. ఈజీ అవుట్ అని ఒక పనిముట్టు దొరుకుతుంది. విరిగిన మర మధ్యలో చిన్న రంధ్రం వేసి, ఉల్టా మెలికలున్న ఈ మేకును అందులో దించి ఎడమవైపు తిప్పితే మొండెం దాంతోపాటు బయటికి రావాలి. పేరులోనే ఈజీ ఉంది. కానీ అది గట్టి ఉక్కు. అంత గట్టిది వంగదు, విరుగుతుంది. ఇంకో టిక్. ఇప్పుడు విరిగిన మరలో విరిగిన ఈజీ అవుట్. పుండు మీద కారం. నన్నడిగితే నాలుగు మిల్లీమీటర్ల కంటే సన్నటి మరకు దాన్ని వాడనే కూడదు.

మర్నాడు తాండూరు బండెక్కాను. వికారాబాద్ నుంచి నలభై చిల్లర కిలోమీటర్లు, వాడి వైపు పోయే రైలు మార్గం మీదే. తాండూరు అంటే మీకు కందిపప్పు గుర్తొస్తుంది. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాకు మాత్రం నాపరాయి గుర్తొస్తుంది. బండ కోసే మిషన్లు, పాలిష్ మిషన్లు పగలంతా నీళ్లలో, రాతి పిండిలో నానుతూ తిరుగుతుంటాయి. ఆ తడి పిండి బోల్టుల సందుల్లో ఎండి సిమెంటులా బిగుసుకుంటుంది. అందుకే అక్కడి లేతు దుకాణాల వాళ్లకు విరిగిన స్టడ్డు తీయడం రోజూ తినే అన్నం లాంటిది.

నేను పోయేసరికి ఒక లేతు దుకాణంలో ఉస్తాద్ అదే పనిలో ఉన్నాడు. బొటనవేలంత లావు స్టడ్డు ఒకటి పునాదిలో విరిగింది. దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డింగ్ నింపాడు. ఎర్రగా కాలింది కాస్త నల్లబడే దాకా బీడీ ఒకటి కాల్చుకున్నాడు. తర్వాత పానా వేసి తిప్పితే స్టడ్డు కిర్రుమంటూ బయటికి వచ్చింది. నట్టు అతికించడం పట్టు కోసం, ఆ కాక తుప్పును వదిలించడం కోసం. నా మరకు ఆ వైద్యం కుదరదు. మామూలు వెల్డింగ్ రాడ్డే నా మర కంటే లావు.

జేబులోంచి ఇంజన్ తీసి చూపించాను.

"ఏంది సార్, కూలర్ పంపు మోటరా?"

"కాదు ఉస్తాద్, విమానం ఇంజన్."

ఇంజన్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "ఇంకొంచెం పెద్దగుంటదనుకున్న," అన్నాడు.

తర్వాత నవ్వు మానేసి మూడు ప్రశ్నలు అడిగాడు. దేంట్ల విరిగింది? పైకి ఏమన్న మిగిలిందా? ఎందుకు విరిగింది? మొదటి రెండూ ఎవరైనా అడుగుతారు. మూడోది పనితనం తెలిసినవాడే అడుగుతాడు. ఎక్కువ బిగించినందుకు తల తెగిపోతే, తల పోగానే లాగుడు కూడా పోతుంది. మొండెం లోపల వదులుగానే ఉంటుంది. సూది మొనతో అంచు మీద ఎడమవైపుకు నెమ్మదిగా పొడిచినా తిరిగి బయటికి వచ్చేస్తుంది. తుప్పో జిగురో పట్టి, ఊడదీసేటప్పుడు విరిగితే మాత్రం పొడవునా పట్టేసి ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. వైద్యం వేరు. నాది రెండో రకం.

పైకి కొంచెమైనా మిగిలి ఉంటే సగం గెలిచినట్టేనట. కటింగ్ ప్లేర్‌తో పట్టొచ్చు, ఎక్సా బ్లేడుతో నెత్తిన గాటు పెట్టి పేచ్‌కస్ ఆనించొచ్చు. లోపలికి ఉండిపోతే పంచ్‌తో సరిగ్గా నడుమ గుంట కొట్టి ఉల్టా బిట్టు వేస్తాడు. అంటే ఎడమవైపు తిరుగుతూ కోసే డ్రిల్లు బిట్టు. కోస్తూ కోస్తూ ఉండగానే ఒక్కోసారి మొండెం బిట్టుకు తగులుకుని తిరుక్కుంటూ బయటికి వచ్చేస్తుంది.

"మరి నాది?" అన్నాను.

"మీరు దాన్ల ఈజీ అవుట్ ఇరగ్గొట్టిన్రు గద సార్. నా బిట్టు దాని మీద జారతది. జారి పక్కకు పోయి అల్మినియం తింటది. చూడీలన్ని పోతయ్. ఇది నా తాన కాదు. గడియారాలోళ్లను అడుగుండ్రి."

చూడీలంటే రంధ్రం లోపలి మెలికలు. చేతనైనంత చెప్పి, చేతగాని చోట ఇంకొకరి దగ్గరికి పంపాడు. డబ్బులు తీసుకోలేదు. ఇంత చదువుకున్న నేను ఈజీ అవుట్ ముట్టకముందే ఆ మాట అనుకోలేకపోయాను.

వికారాబాద్ బజార్‌లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. కంటికి అద్దం, ముందు చిన్న గాజు పెట్టె. ఇంజన్ చూసి ఆశ్చర్యపోలేదు, ఏ గడియారమని అడగలేదు. "పటిక నీళ్లల్ల ఉడకబెట్టు బిడ్డా," అన్నారు. పాత గడియారాల్లో పళ్లేలు ఇత్తడివి, మరలు ఉక్కువి. ఇత్తడిలో ఉక్కు మర విరిగితే ఆ పళ్లేన్ని పటిక నీళ్లలో వేస్తారట. ఉక్కు కరిగిపోతుంది, ఇత్తడి అలాగే ఉంటుంది. "అల్మినియంల నేనెన్నడు చెయ్యలె. ముందుగాల ఏదన్న తునక మీద చూసుకో."

కిరాణా కొట్టులో పావుకిలో పటిక కొన్నాను. గడప మీద దిష్టికి కట్టే పటికే, గడ్డం గీసుకున్నాక రుద్దుకునేదే. కొట్టువాడు దిష్టికా అని అడిగితే అవునన్నాను. అబద్ధం కూడా కాదు.

పెద్దాయన చెప్పినట్టే ముందు అల్యూమినియం తునక ఒకటి రాత్రంతా వేసి చూశాను. మెరుపు కాస్త తగ్గింది, కొలతలో తేడా రాలేదు. ఇక ఇంజన్‌ను పూర్తిగా విప్పాను. షాఫ్టు, బేరింగులు, సిలిండర్ గొట్టం, ఉక్కుదైనది ఏదీ అందులో ఉండకూడదు, ఉంటే అదీ కరుగుతుంది. బేరింగులు రావాలంటే డబ్బాను వేడి చేసి చెక్క మీద తట్టాలి. ఈసారి వేడి చేశాను.

పటిక చల్లటి నీళ్లలో కొద్దిగానే కరుగుతుంది, మరిగే నీళ్లలో ఎన్నో రెట్లు కరుగుతుంది. అది ఆమ్ల గుణమున్న ద్రావణం. ఉక్కును కొరికి ఐరన్ సల్ఫేటుగా మారుస్తుంది, హైడ్రోజన్ బుడగలై పైకి వస్తుంది. గిన్నె గాజుదో పింగాణీదో కావాలి, ఇనుప గిన్నె పెడితే ముందు గిన్నె పోతుంది. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గాజు గిన్నె పెరుగు తోడేసేది.

"ఏందండీ ఇది?"

"ఇంజన్."

"పెరుగు గిన్నెల?"

ఆ గిన్నె అప్పటి నుంచి నాదే. శ్రోతలకు నా మనవి, ముందే పాత గిన్నె ఒకటి కొనుక్కోండి. దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. కిటికీ తెరిచి ఉంచండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

ఆదివారం పొద్దున పెట్టాను. మరగనివ్వకుండా సన్నటి సెగ, తగ్గిన నీళ్లు పోస్తూ ఉండటం, రాత్రి ఆర్పేయడం, తెల్లారి మళ్లీ అంటించడం. ఇంజన్ డబ్బా అంతా నిమ్మళంగా ఉంటే ఆ ఒక్క రంధ్రంలోంచి మాత్రం సన్నటి బుడగల దారం పైకి లేచేది. బుడగలు వస్తున్నంతసేపూ పని నడుస్తున్నట్టు. అప్పుడప్పుడు సూదితో గెలికితే నల్లటి బురద వచ్చేది, మర అట్లా బురదై పోతున్నదన్నమాట. మంగళవారం సాయంత్రానికి బుడగలు ఆగిపోయాయి. ఈజీ అవుట్ ముక్క కూడా మిగల్లేదు. కడిగి, కొత్త మర ఒకటి వేలితో తిప్పితే చివరిదాకా పోయింది. ఒక్క చూడీ కూడా చెడలేదు. డ్రిల్లు వేసి ఉంటే రంధ్రం పెద్దది చేసి నాలుగు మిల్లీమీటర్ల చూడీలు కొత్తగా కోయాల్సి వచ్చేది, ఆ పల్చటి అంచులో అంత చోటు లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ మందు స్టెయిన్‌లెస్ మరలకు పనిచేయదు. అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకోకపోతే పటిక దండగ.

విమానంలో మిగతా మరల సంగతి ఇంత పెద్ద కథ కాదు. రెక్కను ఒంటికి బిగించే బోల్టులు నైలాన్‌వి. అవి విరగడానికే పెడతాం. విమానం నేలను గుద్దుకుంటే బోల్టు తెగి రెక్క ఎగిరి పక్కన పడాలి, రెక్క మాత్రం విరగకూడదు. ఉక్కు బోల్టే గట్టిదని కొత్తవాళ్లు దాన్నే వేస్తారు. అప్పుడు బోల్టు మిగులుతుంది, విమానం మిగలదు. మా కంది చేలో కొయ్యకాళ్ల మీద దిగీ దిగీ నేను తెంచిన నైలాన్ బోల్టులకు లెక్క లేదు. లోపలి ముక్క తీయడం తేలిక. చదునైన మొనున్న సోల్డరింగ్ ఐరన్‌ను దాని నెత్తిన గుచ్చి, కరిగి గాటు పడగానే తీసేయాలి. ముక్క పూర్తిగా చల్లారాక పేచ్‌కస్ పెట్టి తిప్పాలి. చల్లారకముందే తిప్పితే గాటు పాకంలా సాగిపోతుంది. అందరూ అక్కడే తొందరపడతారు.

కర్రలో విరిగిన సన్నటి మరకు ఇత్తడి గొట్టం మంచి మందు. మర కంటే కాస్త లావుగా ఉన్న గొట్టం ముక్క తీసుకుని దాని మూతికి ఆకురాయితో పళ్లు కోసి డ్రిల్లు మిషన్‌కు బిగిస్తే, మర చుట్టూ ఉన్న కర్రను కోసి మరను కర్రతో సహా ఊడబెరుకుతుంది. ఆ కన్నంలో వెదురు పుల్లకు జిగురు రాసి దించి, ఆరాక కొత్త రంధ్రం వేసుకోవాలి. అసలు అక్కడిదాకా రాకూడదంటే ముందే సన్నటి రంధ్రం వేసి మరకు కొవ్వొత్తి రుద్దండి.

ప్లస్ గుర్తు తలల గురించి ఒక మాట. హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికావాడు 1936లో పేటెంటు పొందిన ప్లస్ గాటు వేరు, జపాన్ వాళ్ల ప్రమాణంలోని ప్లస్ గాటు వేరు. కంటికి కవల పిల్లల్లా ఉంటాయి. జపాన్ మరల్లో ఫిలిప్స్ పేచ్‌కస్ పెడితే పూర్తిగా కూర్చోదు, జారి తల అరుగుతుంది. చాలా జపాన్ మరల తల మీద చిన్న చుక్క ఉంటుంది, అది చూసి పేచ్‌కస్ మార్చుకోండి. నేను అరగదీసిన తలల్లో సగం ఈ తెలియనితనం వల్ల పోయినవే.

మొదట ఒక చప్పుడు వినిపించాను కదా, ఇంకొకటి ఉంది. పాత రంధ్రంలో మరను తిరిగి బిగించేటప్పుడు ముందు ఎడమవైపు తిప్పండి. నెమ్మదిగా. ఒకచోట మర కొంచెం కిందికి దిగి టక్ మంటుంది. పాత దారి దొరికిందన్నమాట. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే వేళ్ల బలమే చాలు. కొన్నేళ్లు చేశాక చేతికి తెలిసిపోతుంది గానీ మొదట్లో చెవితోనే పట్టుకోవాలి. పక్కన టీవీ పెట్టుకుని ఈ పని చేయకండి. రేడియో కూడా ఆపేయండి, ఏమనుకోను.

ఎగరేసేముందు ఒక పని ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు సరదాకు ఎగరేసే మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. కంటికి కనబడే దూరం దాటించకూడదు. ఆకుపచ్చగా చూపించిన ప్రాంతంలో నాలుగు వందల అడుగుల లోపే ఉండాలి. డిజిటల్ స్కై పటంలో మీ చేను ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి. మా అనంతగిరి, దామగుండం వైపు వాళ్లు తప్పక చూసుకోవాలి, దామగుండంలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగింది. చేను యజమానికి, ఊరి సర్పంచికి ఒక మాట చెప్పండి. మొగిలిగుండ్ల సంగతి జనం ఇంకా మరిచిపోలేదు.

ఇంజన్ ఇప్పుడు విమానం ముక్కున ఉంది. పోయిన నెల గాలి తక్కువున్న ఒక పొద్దున ఎగిరింది. వెనక మూతకు మూడు పాత మరలు, ఒకటి కొత్తది. ఆ కొలత మర మా బజార్‌లో దొరకలేదు. రెండు మిల్లీమీటర్లు పొడుగున్నది తెచ్చి కింద రెండు వాషర్లు వేశాను.